నీటి లెక్క తేలకుండా నిధులెందుకు?

ఫిబ్రవరి 2 వచ్చిందంటే ఢిల్లీలో చిత్తడి నేలల పండగ. 1971లో ఇరాన్‌లోని రామ్సర్ పట్టణంలో ఈ నేలల రక్షణ కోసం అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది ఆ రోజునే. మన ప్రభుత్వం వీలు చూసుకుని మరికొన్ని సరస్సులను రామ్సర్ జాబితాకెక్కించి, ఆ సంగతిని ఘనంగా ప్రకటిస్తుంటుంది. 2014లో దేశం మొత్తమ్మీద ఇలాంటివి 26 ఉండేవి. 2025 జూన్ నాటికి 91 అయ్యాయి. ఆ 91లో ఆంధ్రప్రదేశ్‌ది కొల్లేరు ఒక్కటే. తెలంగాణది ఒక్కటీ లేదు.

సంఖ్య పెరగడం మంచిదే. గట్టున అంతర్జాతీయ గుర్తింపు బోర్డు ఉంటే ఆక్రమణదారు కాస్తయినా వెనకాడతాడు. అయితే జాబితాలో చేరిన సరస్సుకు ఆ మర్నాటి నుంచి చుక్క నీరైనా అదనంగా వస్తుందా? రాదు. నిధులు మాత్రం వస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

చిత్తడి నేలలకు కేంద్రం డబ్బివ్వడం కొత్తేమీ కాదు. 1980ల మధ్యలోనే జాతీయ కార్యక్రమం ఒకటి మొదలైంది. పట్టణాల్లోని చెరువుల కోసం 2001లో మరో పథకం వచ్చింది. 2013లో రెంటినీ కలిపి జల ఆవరణ వ్యవస్థల పరిరక్షణ జాతీయ పథకం అన్నారు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90, 10. ఇది చాలదన్నట్లు 2023 బడ్జెట్‌లో ‘అమృత్ ధరోహర్’ పేరిట మూడేళ్ల పథకం ప్రకటించారు. దేశంలో రెండుంపావు హెక్టార్లకు మించిన చిత్తడి నేలలు రెండు లక్షలకు పైనే ఉన్నాయని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2011లో ‘ఇస్రో’ తేల్చింది. అన్నిటికి పంచితే ఈ పథకాల సొమ్ము ఏ మూలకూ రాదన్న మాట నిజమే.

కానీ అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, వచ్చిన సొమ్ము కూడా సరస్సుకు ఏది అవసరమో దాని మీద కాక, ఏది కొలిచి బిల్లు పెట్టగలమో దాని మీద ఖర్చవుతుంది. పూడిక తీస్తే ఇన్ని ఘనపు మీటర్లని ఎం.బుక్‌లో రాయొచ్చు. కంచెను మీటర్లలో కొలవొచ్చు. నడక దారి, దీపాలు, బోటింగ్ జెట్టీ, ముఖద్వారం దగ్గర స్వాగత తోరణం... వీటన్నిటికీ టెండరు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, ఫోటో ఉంటుంది. మార్చి 31 లోగా వినియోగ పత్రం పంపితే మరుసటి విడత వస్తుంది. ‘ఎగువ బ్యారేజీ తలుపులు ఎత్తి సరస్సుకు నీళ్లు వదిలాం’ అన్న పనికి ఎం.బుక్‌లో పేజీ లేదు. ‘పాత కాలువకు అడ్డంగా కట్టిన గట్టు తీసేశాం’ అన్నదానికి పేజీ ఉన్నా రాసే ధైర్యం ఉండదు.

చిత్తడి నేల అంటే నీళ్లు నిలిచిన గొయ్యి కాదు. నీరు ఎప్పుడు రావాలి, ఎంత లోతు నిలవాలి, ఎప్పుడు తగ్గాలి, ఎటు పోవాలి అన్న నాలుగు ప్రశ్నలకు ప్రకృతి ఇచ్చుకున్న జవాబు అది. ఆ జవాబు చెడితే పూడిక తీసినా చెడిపోయినట్లే. ఈ మాటకు రుజువులు మన దేశంలోనే కావలసినన్ని ఉన్నాయి. ముందు బాగుపడిన సరస్సు గురించి చెప్పుకుందాం.

ఒడిశాలోని చిలికకు 1981లోనే రామ్సర్ గుర్తింపు వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి సరస్సు జబ్బు పడింది. మహానది పాయలు మోసుకొచ్చే ఒండ్రు ఒకవైపు, తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుక ఇంకోవైపు చేరి సముద్రంలో కలిసే మొగ పూడుకుపోయింది. ఉప్పదనం తగ్గింది. మంచినీటి కలుపు సరస్సంతా అల్లుకుంది. సముద్రం నుంచి చేప పిల్లలు, రొయ్య పిల్లలు లోపలికొచ్చే దారి మూసుకుపోయింది. 1993లో చిలికను ప్రమాదంలో పడిన రామ్సర్ ప్రదేశాల పట్టిక అయిన మాంత్రో రికార్డులో చేర్చారు.

అప్పుడు ఒడిశా చేసిన పని గమనించదగ్గది. 1991లో ఏర్పడిన చిలిక అభివృద్ధి ప్రాధికార సంస్థ ముందుగా తవ్వే యంత్రాల కోసం చూడలేదు. నీటి కదలిక ఎలా ఉందో లెక్క తీయించింది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నమూనాలు తయారు చేసి కొత్త మొగ ఎక్కడ తెరిస్తే ఉప్పునీరు, మంచినీరు సరిపాళ్లలో కలుస్తాయో చూసింది. 2000 సెప్టెంబర్‌లో సిపకుద దగ్గర కొత్త మొగ తెరిచారు. సరస్సు నుంచి సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 1999-2000లో 1,700 టన్నుల దగ్గరున్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి 2001-02కల్లా దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలిక మాంత్రో రికార్డు నుంచి బయటపడింది. అదే ఏడాది ఆ సంస్థకు రామ్సర్ పురస్కారం దక్కింది.

దీనికి డబ్బెక్కడిది? పదో ఆర్థిక సంఘం ప్రత్యేక సమస్యల గ్రాంటు కింద 27 కోట్ల రూపాయలు, పదకొండో ఆర్థిక సంఘం 30 కోట్లు ఇచ్చాయి. ఇవాళ ఒక నగరంలో ఫ్లైఓవర్‌కు కూడా చాలని మొత్తం అది. చిలికను నిలబెట్టింది ఆ మొత్తం ఒక్కటే కాదు. ఆ సంస్థ పాలక మండలికి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. నీటిపారుదల శాఖకు లేఖ రాసి జవాబు కోసం ఎదురుచూసే అవస్థ లేదు. తర్వాత మహానది డెల్టా తలభాగంలో నారజ్ బ్యారేజీ విషయంలోనూ, దిగువన చిలికకు ఎంత మంచినీరు వెళ్లాలన్న ప్రశ్న చర్చకు వచ్చింది. అంటే ముందు నీటి లెక్క, ఆ వెనకే నిధుల లెక్క.

చిలికలో అంతా సవ్యంగా ఉందని కాదు. రొయ్యల ఘేరీల మీద సంప్రదాయ మత్స్యకారుల పోరాటం ఏళ్ల తరబడి నడిచింది. 1999 మేలో సొరానాలో పోలీసు కాల్పులకు నలుగురు బలయ్యారు. ఆ తీరంలో ఒడియా బెస్తలతో పాటు తెలుగు మూలాలున్న నోలియాలూ వేట మీదే బతుకుతున్నారు. దిగుబడి పెరిగితే అది ఎవరి వలలో పడుతుందన్న ప్రశ్నకు కొత్త మొగ జవాబు చెప్పదు. అయినా పంచుకోవడానికి చేపలంటూ మిగిలాయి. మణిపూర్‌లోని లోక్‌తక్‌లో ఆ అదృష్టం కూడా కరవైంది.

లోక్‌తక్ సరస్సులో ఫుమ్డీలనే తేలియాడే గడ్డి దిబ్బలుంటాయి. వర్షాకాలంలో నీళ్ల మీద తేలడం, ఎండాకాలంలో నీరు తగ్గి అడుగుకు చేరి మట్టిలోంచి సారం పీల్చుకోవడం, మళ్లీ తేలడం వాటి జీవనక్రమం. ప్రపంచంలో మరెక్కడా అడవిలో కనిపించని సంగాయ్ దుప్పికి ఆ దిబ్బలే ఇల్లు. 105 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం కోసం 1983లో ఇతాయ్ బ్యారేజీ వచ్చింది. అప్పటి నుంచి నీటిమట్టం ఏడాది పొడవునా ఎత్తుగానే ఉంటోంది. దిబ్బలకు అడుగు తగిలే రోజే లేదు. కెయిబుల్ లామ్జావో జాతీయ పార్కులో అవి పలచబడుతున్నాయి. దుప్పి బరువు మోయలేని స్థితికి వస్తున్నాయి. అంచు పొలాలు మునిగి రైతులు జాలరులయ్యారు.

1993లో చిలికతో పాటే లోక్‌తక్ కూడా మాంత్రో రికార్డుకెక్కింది. చిలిక బయటికొచ్చింది, లోక్‌తక్ రాలేదు. నిధులు రాలేదా అంటే వచ్చాయి. వందల కోట్ల రూపాయల పథకం కింద యంత్రాలు దించి ఫుమ్డీలను కోసి, లాగి ఒడ్డుకు పోశారు. 2011 నవంబర్‌లో ఆ దిబ్బల మీద కాపురముంటున్న మత్స్యకారుల గుడిసెలకు అధికారులే నిప్పు పెట్టించారు. తాళం మాత్రం ఇతాయ్ గేట్ల దగ్గరే ఉంది. ఫుమ్డీలను తొలగించడానికి కాంట్రాక్టు ఇవ్వొచ్చు, గుడిసెలను తొలగించడానికి పోలీసులను పంపొచ్చు. నీటిమట్టం దించాలంటే విద్యుత్తు సంస్థతో తేల్చుకోవాలి. మొదటి రెండూ జరిగాయి. మూడోదాని మీద దశాబ్దాలుగా చర్చే నడుస్తోంది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కథ ఇంకో రకం. చిలికతో పాటే 1981లో రామ్సర్ జాబితాకెక్కిన కేవలాదేవ్ పక్షుల పార్కు 29 చదరపు కిలోమీటర్ల చిన్న తావు. గంభీర్ నది నీళ్లు కాలువ గుండా వచ్చి దాన్ని నింపేవి. ఎగువన కరౌలీ జిల్లాలో పాంచనా డ్యామ్ వచ్చాక ఆ రాక ప్రభుత్వ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది. కరవేళ డ్యామ్ కింది రైతులు నీళ్లు వదలొద్దన్నారు. వాళ్లు ఓటర్లు, కొంగలకు ఓటు లేదు. 2004లో పార్కు ఎండిపోయింది. సైబీరియా కొంగలు అక్కడ చివరిసారి కనిపించింది అంతకు రెండేళ్ల ముందు. ఆ తర్వాత యునెస్కో నుంచి ప్రశ్నలు మొదలయ్యేసరికి ప్రభుత్వం గోవర్ధన్ డ్రెయిన్ నుంచి వరదనీరు ఎత్తిపోసే పథకం కట్టింది. చంబల్ నీటి గొట్టంలోనూ పార్కుకు కొంత వాటా ఇచ్చింది. పార్కు కొంత తేరుకున్నందుకు సంతోషమే. కానీ నది ఉచితంగా తెచ్చిపోసే నీటిని ఆపి, దాని బదులు పంపులు, పైపుల్లో నీళ్లు పోస్తూ దాన్ని ‘పునరుద్ధరణ వ్యయం’ అనడం మనకే చెల్లింది. పైగా నదీ జలం చేపలను, విత్తనాలను, పురుగులను వెంట తెచ్చేది. పైపు నీరు తడి మాత్రమే తెస్తుంది.

ఇప్పుడు మన కొల్లేరుకు వద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరులతో పాటు డెల్టా మురుగు కాలువలెన్నో దీనిలోకే దిగుతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి. 1964 వరదల తర్వాత వేసిన మిత్ర కమిటీ కాలం నుంచీ ఉప్పుటేరును బాగుచేయాలనే మాట వినిపిస్తూనే ఉంది.

కొల్లేరులో ప్రభుత్వ ధనం ప్రయాణించిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. క్రమంగా అవి లీజుల పేరిట డబ్బున్న వాళ్ల చేతిలోకి వెళ్లాయి, వాటి పక్కన అక్రమ చెరువులు వందల్లో లేచాయి. 1999లో +5 కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువు గట్లకు గండ్లు కొట్టించింది కూడా ప్రభుత్వమే. తవ్వడానికి సర్కారు సొమ్ము, పూడ్చడానికి సర్కారు సొమ్ము. 2008లో అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. గట్లు మళ్లీ లేచాయి.

హద్దు +5 దగ్గరా, +3 దగ్గరా అన్నది తేలకుండా కొల్లేరుకు ఏ పథకం రాసినా అది నీటి మీది రాతే. ఎండాకాలంలో సరస్సు ఎక్కడి దాకా ఉండాలో తెలియనప్పుడు పూడిక ఎక్కడ తీస్తారు? ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదనలున్నాయి. సముద్రపు పోటు ఎగదన్నకుండా, మంచినీరు వృథాగా పోకుండా అవి పనికిరావచ్చు. అయితే రెగ్యులేటర్ వెనక నీటిమట్టం ఎంత ఉంచాలో నిర్ణయించేది పక్షుల కోసమా, చేపల చెరువుల కోసమా, పై డెల్టా మాగాణి కోసమా అన్నది ముందే రాసుకోకపోతే, అది మనకు మరో ఇతాయ్ అవుతుంది.

ఇక్కడ నిజంగా డబ్బు కావలసిన చోటొకటి ఉంది. +5 లోపల జిరాయితీ భూములున్న రైతులున్నారు. వాళ్లంతా ఆక్రమణదారులు కారు. పట్టాలున్న వాళ్లు. అభయారణ్యం గీత వాళ్ల పొలాల మీదుగా పోయింది. పరిహారం మాట మాత్రం అభయారణ్యం పుట్టినప్పటి నుంచీ నానుతూనే ఉంది. వాళ్లకు న్యాయమైన ధర కట్టి ఇస్తే +3 డిమాండ్‌కున్న నైతిక బలం సగం పోతుంది. ఆక్రమణదారులు వాళ్ల వెనక దాక్కునే వీలుండదు. పర్యాటక జెట్టీలకు దొరికే పద్దు ఈ పరిహారానికి దొరకదు. ఎందుకంటే పరిహారం ఇవ్వడమంటే హద్దును ఒప్పుకోవడమే.

హద్దు తేలకపోతే ఏమవుతుందన్నది పక్షి ప్రేమికుల బాధ మాత్రమే అనుకోనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ వరదకు కుండపోత వాన, కాలువ గండ్లు, ఏటి దారిలో లేచిన ఇళ్లు వంటి కారణాలెన్నో ఉన్నాయి. కానీ బుడమేరు చివరికి వెళ్లి ఒదగాల్సింది కొల్లేరులోనే. పళ్లెం అంచుల దాకా గట్లు కట్టుకుంటూ పోతే పులుసు ఎక్కడ నిలుస్తుంది?

శ్రీలంక రాజధాని కొలంబోకు ఈ సంగతి కాస్త ముందే తలకెక్కింది. 2010 నవంబర్‌లో వరద పార్లమెంటు ప్రాంగణాన్నే ముంచెత్తింది. 2012లో ప్రపంచ బ్యాంకు నుంచి 21.3 కోట్ల డాలర్ల రుణం తీసుకుని మొదలెట్టిన నగరాభివృద్ధి పథకంలో చిత్తడి నేలలను వరద నివారణ కట్టడాలతో సమానంగా లెక్కగట్టారు. 2018లో కొలంబోకు రామ్సర్ సంస్థ నుంచి చిత్తడి నేలల నగరమన్న గుర్తింపు లభించింది. అక్కడా కబ్జాలున్నాయి, చెత్త కుప్పలున్నాయి. కానీ ఆర్థిక శాఖకు అర్థమయ్యే భాషలో వాళ్లు మాట్లాడారు. ఈ నేల పోతే ఎంత నగరం మునుగుతుంది, ఆ నష్టమెంత అని అడిగారు. మన దగ్గర చిత్తడి నేలల పద్దు ఇంకా పర్యావరణ శాఖ అటకమీదే ఉంది. వరద నివారణ పద్దు నీటిపారుదల శాఖ దగ్గరుంది. ఒకే నీటికి రెండు ఖాతాలు.

నిబంధనల సంగతీ అంతే. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం ప్రతి రాష్ట్రంలో ఒక ప్రాధికార సంస్థ ఉండాలి. దానికి పర్యావరణ మంత్రి అధ్యక్షుడు. గేట్ల తాళాలు ఆయన దగ్గర ఉండవు. పైగా సాగునీటి కోసం, తాగునీటి కోసం మనిషి తవ్వుకున్న జలాశయాలు ఈ నిబంధనల పరిధిలోకే రావు. కాకతీయుల నాటి నుంచి తవ్వుకుంటూ వచ్చిన తెలంగాణ చెరువులు ఆ లెక్కన చిత్తడి నేలలు కావు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుంది. ఎండిన చెరువుల్లోంచి ఒండ్రు తీసి పొలాలకు తోలుకున్న రైతు దాని మేలు చూశాడు. కానీ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు నుంచి కింది చెరువుకు వచ్చే వాగు మీద కాలనీ లేస్తే, కింది చెరువును ఎంత లోతు తవ్వినా అది గొయ్యే అవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి గోతులు కావలసినన్ని.

కాబట్టి నిధులు వద్దనడం లేదు. వరస మార్చమనే చెబుతున్నది. ఏ సరస్సుకైనా మొదటి విడత సొమ్ము హద్దు రాళ్లకు, సర్వేకు, హక్కుదారుల పరిహారానికి వెళ్లాలి. హద్దు నోటిఫై కాని చోట రెండో విడత ఆపాలి. రెండోది, ఆ నదీ పరీవాహక ప్రాంతం నీటి పంపకాల్లో సరస్సు పేరిట వాటా రాయాలి. పంటకు ఇన్ని టీఎంసీలు, పట్నానికి ఇన్ని, పరిశ్రమకు ఇన్ని అని రాసుకునే కాగితంలో సరస్సుకు కూడా ఒక వరస ఉండాలి. మూడోది, గేట్లు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పే నియమావళి తయారయ్యేటప్పుడు ఆ నీటి మీద బతికే మత్స్యకారులు ఆ బల్ల దగ్గర ఉండాలి. నాలుగోది, చివరి విడత బిల్లు తవ్విన మట్టిని చూసి ఇవ్వకూడదు. రెండు వానాకాలాలు గడిచాక నీటిమట్టం, ఉప్పదనం, చేపల రాబడి, పక్షుల లెక్క చూసి ఇవ్వాలి. ఇవన్నీ కొలవగలిగినవే. చిలికలో కొలిచారు.

అయిదోది అన్నిటికన్నా చప్పనిది, కాబట్టి అందరూ మరిచిపోయేది. పథకానికి అయిదేళ్ల ఆయువు ఉంటుంది. ఒండ్రుకు ఆయువు లేదు. తెరిచిన మొగ మళ్లీ పూడుతుంది, ఎత్తిన గేటు తుప్పు పడుతుంది, నాటిన హద్దు రాయి ఒక రాత్రి మాయమవుతుంది. ఏటా కొంచెం సొమ్ము, పదేళ్లయినా ఆగకుండా రావడం సరస్సుకు మేలు. ఒక్కసారిగా వచ్చిపడే వంద కోట్లు మేలు చేసేది కాంట్రాక్టరుకు.

ఈసారి రామ్సర్ జాబితాలో మన సరస్సు పేరు చేరిందని, పథకం మంజూరైందని వార్త వస్తే సంతోషిద్దాం. సంతోషిస్తూనే ఆ జిల్లా అధికారులను ఒక్క మాట అడుగుదాం. ఎంత డబ్బు వచ్చిందని కాదు. ఎన్ని నీళ్లు వస్తాయి, ఏ నెలలో వస్తాయి, ఆ గేటు ఎవరు ఎత్తుతారు అని. దానికి జవాబు చెప్పగలిగిన చోట పది కోట్లయినా ఎక్కువే. చెప్పలేని చోట వెయ్యి కోట్లు పోసినా మిగిలేది రంగు దీపాల నడక దారే. దాని పక్కన చూడటానికి సరస్సు ఉండదు.